పది కాలర్లు కడితే ఆవులు పత్తిలో పడకుండా ఉంటాయా?

ప్రశ్న: నర్సంపేట నుంచి పాకాల పోయే తొవ్వలో మాకు 24 ఎకరాల పడావు చెలక ఉంది. 22 ఆవులు, 14 పెయ్యలు, 60 మేకలు. ఇద్దరు కాపరుల్లో ఒకాయన మానేసిండు, కొత్త మనిషి దొరుకుతలేడు. మూడు దిక్కుల పత్తి, ఒక దిక్కు మక్క. పోయిన ఏడు దసరా ముందూ వెనకా మూడుసార్లు పశువులు పక్కోళ్ల పత్తిలో పడ్డాయి, పంచాయితీ అయి దండుగ కట్టినం. మా అబ్బాయి టెక్సస్‌లో ఉంటడు. అక్కడ ఆవు మెడకు కాలర్ కట్టి, ఫోన్‌లో గీత గీస్తే ఆవు ఆ గీత దాటదట. వచ్చేటప్పుడు పది కాలర్లు పట్టుకొస్త అంటున్నడు. మన దగ్గర పని చేస్తాయా? మేకలకు కూడా కట్టొచ్చా? పశువుకు ఏమన్నా హాని ఉంటదా?
– ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా

జవాబు: ముందు మీ అబ్బాయికి ఫోన్ చేసి ఆ కాలర్లు కొనొద్దని చెప్పండి. ఈ పద్ధతి బూటకమేమీ కాదు. నార్వే, బ్రిటన్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, అమెరికాల్లో ఏళ్లుగా వాడుతున్నారు. కానీ అమెరికాలో కొన్న కాలర్ నర్సంపేటలో పలకదు. పలికినా, పక్కవాడి పత్తిని కాపాడే పనికి అది సరిపోదు.

కాలర్‌లో జీపీఎస్, చిన్న స్పీకరు, ఝట్కా ఇచ్చే సర్క్యూటు, బ్యాటరీ, చాలా రకాల్లో దాన్ని నింపే సోలార్ పలక, కబురు అందుకునే రేడియో ఉంటాయి. మీరు ఫోన్‌లో మ్యాపు మీద గీసిన గీత ఆ రేడియో ద్వారా కాలర్‌లోకి దిగుతుంది. ఆ తర్వాత ఆవు గీతకు ఎంత దూరంలో ఉందో కాలరే చూసుకుంటుంది. నార్వే కంపెనీ నోఫెన్స్ కాలర్లలో ఆవు గీత దగ్గరికి రాగానే సన్నని మోత మొదలవుతుంది, ముందుకు వెళ్లేకొద్దీ స్థాయి పెరుగుతుంది. వెనక్కి తిరిగితే మోత ఆగిపోతుంది. తిరగకపోతే మోత చివర ఒక ఝట్కా తగులుతుంది. దాని శక్తి ఆవులకు 0.2 జూల్, మేకలకూ గొర్రెలకూ 0.1 జూల్ (జూల్ అంటే శక్తికి కొలత). వరుసగా మూడు ఝట్కాలు తిన్నా ఆగకపోతే కాలర్ దాన్ని 'తప్పించుకున్నది'గా లెక్కగట్టి ఊరుకుంటుంది, మీ ఫోన్‌కు కబురు పంపుతుంది. పశువు తనంతట తాను లోపలికి తిరిగొచ్చేటప్పుడు మోతా ఉండదు, ఝట్కా ఉండదు. ఉంటే బయటపడ్డది బయటే ఉండిపోతుంది కదా.

మూడు ఝట్కాల తర్వాత కాలర్ ఊరుకోవడం లోపం కాదు, కావాలని పెట్టిందే. కుక్కలు తరిమినా, దీపావళి పటాకులకు బెదిరినా, గీత అవతల లేగ అరిచినా ఆవు ఆగదు. అలా పరుగెత్తే పశువుకు ఝట్కా మీద ఝట్కా ఇస్తే అది ఇంకా దూరం పోతుంది. ఎద కొచ్చిన పశువు వాసన తగిలిన కోడె సంగతి చెప్పనే అక్కర్లేదు. చిన్న లేగలకు కాలర్ కట్టరు, అవి గీతను ఎరగవు. లేగ దాటితే దాని వెంట తల్లీ దాటుతుంది.

టెక్సస్‌లో ఇదంతా సర్దుకుపోతుంది. వేల ఎకరాల రాంచ్‌లో (పశువులు మేపే పెద్ద క్షేత్రంలో) చుట్టూ ముళ్లకంచె ఎలాగూ ఉంటుంది. కాలర్ గీతలు దాని లోపల గీస్తారు. ఈ వారం ఈ లోయలో మేపాలి, వచ్చే వారం ఆ గుట్ట పక్కన, వాగు ఒడ్డున మొక్క తేరుకునేదాకా పశువు పోకూడదు అన్నట్టు. వందలో పది ఆవులు గీత దాటినా అవి యజమాని గడ్డిలోనే ఉంటాయి. మీ దగ్గర ఒక్క ఆవు దాటినా ఎదుటివాడి కాయ పట్టిన పత్తిలో ఉంటుంది, మర్నాడు పంచాయితీ ఉంటుంది. సరిహద్దు దాటితే రోడ్డో, రైలు పట్టాలో, పరాయి చేనో ఉన్నచోట అసలు కంచె ఉండాల్సిందే, కాలర్ గీత దానికి బదులు కాదు.

దానికి తోడు జీపీఎస్ తేడా ఒకటి. ఆకాశం కనబడే చోట మూడు నుంచి ఐదు మీటర్లు, చెట్ల కింద, గుట్ట పక్కన పది దాకా పోతుంది. అందుకని గీతను గెట్టు మీద గీయరు, కనీసం 15 మీటర్లు లోపలికి గీస్తారు. మీ 24 ఎకరాలు చదరంగా ఉందనుకుంటే ఒక్కో పక్క 312 మీటర్లు. నాలుగు పక్కలా 15 మీటర్లు వదిలితే నాలుగు ఎకరాలకు పైగా మేత వృథా. ఐదు వేల ఎకరాల వాడికి ఇది లెక్కలోకి రాదు. మీకు ఆరో వంతుకు పైగా పోయినట్టు.

ఇక అమెరికా కాలర్ సంగతి. అక్కడ రాంచ్‌లలో ఎక్కువగా కనిపించేవాటిలో ఒకటి వెన్స్ (2022లో మెర్క్ సంస్థ జంతు ఆరోగ్య విభాగం దీన్ని కొన్నది). దాని కాలర్లు సెల్‌ఫోన్ టవర్‌తో మాట్లాడవు. రాంచ్‌లోనే ఎత్తైన చోట పెట్టుకున్న సొంత బేస్ స్టేషన్‌తో మాట్లాడతాయి. అదొక్కటే దాదాపు పది వేల డాలర్ల సామాను. కాలర్‌కు ఏటా అద్దె, బ్యాటరీ మార్చిన ఖర్చు వేరే. పది కాలర్ల కోసం ఎవరూ బేస్ స్టేషన్ పెట్టరు. పోనీ పెట్టినా, అమెరికాలో అలాంటి రేడియోలకు వదిలిన బ్యాండు 902 నుంచి 928 మెగాహెర్ట్జ్. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చేది 865 నుంచి 868. వాళ్ల బ్యాండులో కొంత భాగం ఇక్కడ మొబైల్ కంపెనీలకు కేటాయించిన 900 బ్యాండులోకి వస్తుంది. అంటే అది ఇక్కడ ఆన్ చేయడమే చట్టవిరుద్ధం. ఇలాంటి రేడియో పరికరం దేశంలోకి రావాలంటే కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం అనుమతి కావాలి, సూట్‌కేసులో పెట్టుకొచ్చినదానికి అది ఉండదు.

సెల్ టవర్ మీద నడిచే రకాలూ ఉన్నాయి, నోఫెన్స్ అలాంటిదే. అయితే వాటిలో సిమ్ కంపెనీదే ఉంటుంది, మీరు మార్చలేరు. ఆ సిమ్ మన నెట్‌వర్క్‌లో రిజిస్టర్ కావాలి, కంపెనీ తన యాప్‌లో భారతదేశం మ్యాపు తెరవాలి, మీ పేరున ఖాతా ఇవ్వాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా మిగిలేది ఆవు మెడలో కిలోకు పైగా బరువు మాత్రమే. న్యూజిలాండ్ కంపెనీ హాల్టర్ పాడి ఆవులను పాలు పితికే షెడ్డుకు కూడా తనంతట తానే నడిపిస్తుందని మీ అబ్బాయి వీడియో చూపిస్తే, అది నిజమే. దానికీ పొలంలో సొంత టవర్లు కావాలి.

ఇంతవరకూ కాలర్ల ముచ్చట. మీ ఉత్తరంలో మాకు అంతకంటే ముఖ్యంగా కనబడ్డ మాట 'దసరా ముందూ వెనకా'. మూడుసార్లూ అప్పుడే ఎందుకు పడ్డాయి? కాపరి మానేసింది ఒక్కటే కారణమైతే ఆషాఢంలోనూ పడాలి. ఆశ్వయుజం వచ్చేసరికి చెలకలో గడ్డి ఈని, కంకి రాలి, పుల్ల మిగులుతుంది. పక్కన పత్తి అప్పుడే నవనవలాడుతుంది. ఆకలిగా ఉన్న పశువును తీగా ఆపదు, మోతా ఆపదు. కంచె ఏదైనా, లోపల మేత ఉన్నంతకాలమే కంచె.

మీ మందకు రోజుకెంత కావాలో చూద్దాం. మూడు క్వింటాళ్ల బరువున్న ఆవుకు ఎండు లెక్కన ఏడు కిలోల మేత కావాలి, క్వింటాన్నర పెయ్యకు మూడున్నర, పాతిక కిలోల మేకకు ఒకటి. 22 ఆవులకు 154, పెయ్యలకు 49, మేకలకు 60. మొత్తం రోజుకు దాదాపు 260 కిలోల ఎండు మేత. పచ్చిగడ్డిగా చూస్తే దానికి నాలుగింతల పైన.

నేలలో ఎంత ఉందో మీరే కొలవొచ్చు. నాలుగు మీటరు కర్రలతో ఒక చదరపు చట్రం కట్టండి. గడ్డి బాగా ఉన్నచోట రెండు, మధ్యస్థంగా ఉన్నచోట రెండు, పలచగా ఉన్నచోట రెండు, ఇట్లా ఆరు చోట్ల పడేసి, చట్రం లోపలి గడ్డిని నేల నుంచి రెండు అంగుళాలు వదిలి కోయండి. వయ్యారిభామ, తంగేడు లాంటి పశువు ముట్టనివి ఏరి పారేయండి. గలగలలాడేదాకా ఎండబెట్టి తూచండి. ఆరింటి సగటు చదరపు మీటరుకు 200 గ్రాములు వస్తే, ఎకరానికి 4,047 చదరపు మీటర్లు కాబట్టి 800 కిలోలు. అందులో సగమే మేపాలి. మొదలు దాకా కొరికిస్తే వేరు చచ్చి మళ్లీ చిగురు రాదు. దొడ్డి, దారి, పశుగ్రాసం మడి పోను 20 ఎకరాలు మేపుకు మిగిలితే, 16 వేల కిలోల్లో సగం ఎనిమిది వేలు. రోజుకు 260 చొప్పున ముప్పై రోజులకు సరిపోతుంది. పడావు చెలకలో సగటు 100 గ్రాములే వస్తే పదిహేను రోజులు.

ఈ ముప్పై రోజులు చాలా ఉపయోగపడే అంకె. వానాకాలంలో కొరికిన గడ్డి మళ్లీ మేతకు రావడానికి 25 నుంచి 30 రోజులు పడుతుంది. 20 ఎకరాలను రెండెకరాల చొప్పున పది మడులు చేసి, ఒక్కో మడిలో మూడు రోజులు మేపితే, పదో మడి అయ్యేసరికి మొదటి మడికి 27 రోజుల విశ్రాంతి దొరుకుతుంది. ఇప్పుడు మీ పశువులు 24 ఎకరాలూ ఒకేసారి తిరుగుతున్నాయి కాబట్టి రుచైన గడ్డిని చిగురు వేసినప్పుడల్లా కొరికేస్తాయి, ముదురును తొక్కుతాయి. రాంచ్ వాళ్లు కాలర్ కొనేది ఈ మడుల కోసమే. మీరు అదే పనిని కదిలే తీగతో చేసుకోవచ్చు.

కాబట్టి మీకు కావలసింది రెండు కంచెలు. చుట్టూ కదలని సోలార్ కంచె (సోలార్ పలక నింపే బ్యాటరీ మీద ఒక మిషన్ తీగలకు ఝట్కాలు పంపుతుంది), లోపల కదిలే తీగ.

చుట్టూ కంచె గట్టులు, వంపులతో 1,500 మీటర్లు వస్తుందనుకుందాం. ఆవులకు మాత్రమే అయితే మూడు తీగలు చాలు, మేకలున్నాయి కాబట్టి ఐదు తప్పవు. నేల నుంచి 15, 30, 50, 75, 105 సెంటీమీటర్ల ఎత్తుల్లో. మొత్తం 7,500 మీటర్ల 2.5 మిల్లీమీటర్ల జీఐ తీగ, బరువు 290 కిలోల దాకా తూగుతుంది. ఆరు మీటర్లకు ఒకటి చొప్పున 250 కడీలు, మూలల్లోనూ గేటు పక్కనా రెండువైపులా ఊత ఇచ్చిన పెద్దవి. ఈ లెక్క పట్టుకుని హనుమకొండలో రెండు మూడు దుకాణాల్లో ధర కట్టించుకోండి, ఒక్కడి మాట మీద పోవద్దు.

ఐదు తీగలకూ కరెంటు ఇవ్వొద్దు. కింది నుంచి మొదటిదీ మూడోదీ ఎర్త్‌కు కలపండి, మిగతా మూడింటికీ ఝట్కా ఇవ్వండి. ఎందుకంటే ఝట్కా తగలాలంటే కరెంటు తీగ నుంచి పశువు ఒంట్లోకి, కాళ్ల నుంచి నేలలోకి, నేల నుంచి ఎర్త్ కడ్డీకి, తిరిగి మిషన్‌లోకి పోవాలి. మీది మొరం చెలక అయితే మార్చి నుంచి జూన్ దాకా నేల ఎండి కరెంటును పోనివ్వదు. మేక పొడి డెక్కల మీద నిలబడి తీగను నములుతున్నా దానికి ఏమీ కాదు. పక్కపక్కన ఒకటి ఎర్త్, ఒకటి ఝట్కా తీగ ఉంటే, తల దూర్చిన మేక రెండింటినీ తాకుతుంది, నేలతో పని లేదు. అడుగు తీగ ఎర్త్‌ది కావడం వల్ల ఇంకో లాభం ఉంది. శ్రావణంలో గడ్డి పెరిగి దాన్ని తాకినా చార్జి కారిపోదు.

మిషన్ మూడు నుంచి ఐదు జూల్‌ల బయటి శక్తి ఉన్నది తీసుకోండి. పెట్టె మీద లోపల నిల్వ అయ్యే శక్తి, బయటికి ఇచ్చే శక్తి అని రెండు అంకెలు ఉంటాయి, పెద్ద అంకె చూపించి అమ్ముతారు. మీకు కావాల్సింది బయటికి ఇచ్చేది. అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ప్రకారం ఇది ఐదు జూల్‌లు మించకూడదు, రెండు ఝట్కాల మధ్య కనీసం ఒక సెకను ఉండాలి. ఆ ఖాళీ సెకనే మనిషిని కాపాడేది. పట్టుకున్న చేయి వదిలేసే వీలు దొరుకుతుంది. అడవిపందుల కోసమని మోటారు స్టార్టర్ నుంచి నేరుగా తీగ లాగేవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. అందులో ఆ విరామం లేదు, పట్టుకున్నవాడు అతుక్కుపోతాడు. ఏటా మనుషులు పోతున్నది దానివల్లే. అది నేరం కూడా.

బ్యాటరీ లెక్క ఇలా. మిషన్ సగటున పావు ఆంపియర్ తాగితే రోజుకు 6 ఆంపియర్ అవర్లు. ముసురు మూడు రోజులు పట్టిందంటే 18. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి 40 ఆంపియర్ అవర్ల 12 వోల్టుల బ్యాటరీ, దాన్ని మబ్బు రోజుల్లోనూ నింపడానికి 40 వాట్ల పలక. మిషన్‌తో కలిపి అమ్మే చిన్న బ్యాటరీ ఎండాకాలం డెమోలో బాగానే ఉంటుంది, జూలై ముసురులో రెండో రాత్రి పడుకుంటుంది.

ఎర్త్‌కు ఆరడుగుల జీఐ కడ్డీలు మూడు, ఒకదానికొకటి మూడు మీటర్ల దూరంలో, ఇంటి కరెంటు ఎర్త్‌కు బాగా దూరంగా. బోరు నీళ్లు కారే చోటో, తొట్టి దగ్గర తడిగా ఉండే చోటో దిగ్గొడితే మేలు. పని చేస్తోందో లేదో ఇలా చూడండి. మిషన్‌కు వంద మీటర్ల అవతల కంచె మీద రెండు మూడు ఇనుప కడ్డీలు ఆనించి నేలకు కలపండి, తీగ వోల్టేజి రెండు వేల కిందికి పడేదాకా. అప్పుడు చివరి ఎర్త్ కడ్డీ మీద వోల్టేజి చూసే మీటరు పెట్టండి. 300 వోల్టులు దాటితే ఎర్త్ చాలలేదని అర్థం, ఇంకో కడ్డీ దించండి. 'మిషన్ వీక్‌గా ఉంది' అని తెచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం నిజానికి ఎర్త్ గొడవే.

మిగతా తప్పులు కూడా దాదాపు అందరూ చేసేవే. మిషన్ నుంచి కంచె దాకా ఇంటి వైరింగు తీగ లాగుతారు. దాని తొడుగు కొన్ని వందల వోల్టులకే చేసింది, ఎనిమిది వేల దగ్గర గోడలోకే కారిపోతుంది. కంచె మిషన్ల కోసమే అమ్మే మందపాటి కేబుల్ వాడాలి. గేటు కింద కూడా అదే, పైపులో పెట్టి పాతాలి. ఇన్సులేటర్లకు బదులు సైకిల్ ట్యూబు ముక్కలు కడతారు, వాన పడగానే కారుతాయి. జీఐ తీగకు రాగి తీగ చుట్టి అతుకు వేస్తే ఏడాదిలో ఆ చోట తుప్పు పట్టి తెగుతుంది. 11 కేవీ లైను కింద కంచె దాని వెంబడే పోకూడదు, తప్పదంటే అడ్డంగా దాటించండి. దారి పక్కన హెచ్చరిక బోర్డులు కట్టండి. రోజూ పొద్దున మిషన్‌కు దూరపు మూలలో వోల్టేజి చూడండి. ఆవులకు మూడు వేలు, మేకలకు నాలుగు వేలు తగ్గకూడదు. ఉరుములు మొదలైతే మిషన్‌ను కంచె నుంచి విడదీయడం ఇంట్లో అందరికీ నేర్పండి.

లోపలి మడులకు స్టీలు పోగులు కలిపి నేసిన ప్లాస్టిక్ తీగ చుట్ట, కాలితో తొక్కి దించే ప్లాస్టిక్ గూటాలు చాలు. ఆవులకు 75 సెంటీమీటర్ల ఎత్తున ఒక్క వరస. రెండెకరాల మడిని మార్చడం ఒక మనిషికి అరగంట పని, మానేసిన కాపరి లోటు చాలావరకు ఇక్కడే తీరుతుంది. మేకలు ఆ ఒక్క తీగను లెక్కచేయవు, చేయనవసరమూ లేదు. అవి ఎక్కువగా తుమ్మ, రేగు, సుబాబుల్ ఆకు తింటాయి, చుట్టూ కంచె లోపల వదిలేయండి. ఆవులు తిన్న మడిలోకి వాటి వెనక మేకలు పోతే ముళ్లపొద కూడా అదుపులో ఉంటుంది. నీళ్ల తొట్టి ప్రతి మడి నుంచీ అందేలా మధ్యలో ఒక దారి వదలండి. నీళ్లకు దూరం చేసిన పశువు ఏ కంచెనైనా తోస్తుంది.

దసరా లోటును కంచె పూడ్చదు. బోరు కింద రెండెకరాల్లో సూపర్ నేపియర్ పెడితే, ఎకరానికి ఏడాదికి 60 టన్నుల పచ్చిగడ్డి అనుకున్నా, ఎండు లెక్కన రెండెకరాలకు 24 టన్నులు, రోజుకు 65 కిలోలు. అంటే మీ అవసరంలో నాలుగో వంతు. తొలకరికి చెలకలో ఎకరానికి మూడు నాలుగు కిలోల స్టైలో (పప్పుజాతి పశుగ్రాసం) విత్తనం చల్లండి. పైపొర గట్టిది కాబట్టి బాగా వేడి నీళ్లలో నాలుగైదు నిమిషాలు ముంచి, ఆరబెట్టి చల్లాలి. దానితో అంజన్ గడ్డి కలపండి. మిగతాది వరిగడ్డి. పాకాల ఆయకట్టులో కోత అయ్యాక కట్టలు కట్టించుకుని తెచ్చుకోవడానికి మీకు దూరం కూడా తక్కువ. ఒకప్పుడు వానాకాలం పంట కోసిన తర్వాత ఉగాది దాటేదాకా చేన్లన్నీ పశువులకు ఖాళీగా ఉండేవి. కాలువల కింద, బోర్ల కింద యాసంగి వరి పెరిగాక ఆ ఖాళీ చాలా ఊళ్లలో లేదు. పాత అలవాటు మీద లెక్క వేసుకోకండి.

ఫోన్‌లో పశువును చూసుకోవాలన్న సరదా ఉంటే ఝట్కా లేని మామూలు జీపీఎస్ ట్రాకర్లు రెండు కొనండి, మందకు ముందు నడిచే ఆవుకు ఒకటి, మేకపోతుకు ఒకటి. గీత దాటితే ఫోన్ మోగుతుంది, అంతే. కొనేముందు అదే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ తీసుకుని నాలుగు మూలలూ, పల్లంలోనూ తిరిగి సిగ్నల్ చూడండి. ఫోన్ ఆవు మెడ ఎత్తులో పట్టుకోవాలి, తల పైకెత్తి కాదు. ట్రాకర్ 2జీ రకమైతే జియో సిమ్ పనికిరాదు, వాళ్లకు 2జీ లేదు. పాకాల అడవి అంచున టవర్ అందని గుంటలుంటాయి, అక్కడ ఇత్తడి గంటే నయం.

మేకలకు కాలర్ కట్టొచ్చా అని అడిగారు. కట్టొచ్చు, నార్వేలో ఈ కథ మొదలైందే మేకలతో. రేపు మన దేశంలో అనుమతి ఉన్న కంపెనీ ఎవరైనా అమ్మకానికి వస్తే నాలుగు సంగతులు అడగండి: డబ్ల్యూపీసీ అనుమతి కాగితం, ఏ నెట్‌వర్క్ మీద నడుస్తుంది, ఏటా కట్టాల్సింది ఎంత, కట్టడం మానేస్తే కాలర్ ఏమవుతుంది. గంగడోలు వేలాడే మన ఆవు మెడకు పట్టీ సరిగా కూర్చుంటుందో లేదో కట్టించి చూడండి. వదులైతే ఝట్కా చర్మానికి అందదు, బిగువైతే పుండు పడుతుంది. మీకు బర్రెలు లేకపోవడం ఈ విషయంలో నయం. బురదలో పొర్లి లేచిన బర్రె మెడ మీది సోలార్ పలక ఏం చార్జి అవుతుంది!

హాని గురించి. కాలర్ ఝట్కా, సోలార్ కంచె ఝట్కాలో చిన్న భాగం. అసలు బాధ నేర్చుకోని పశువుతో. ఐదారు రోజుల శిక్షణలో చాలా పశువులు మోతకే వెనక్కి తిరగడం నేర్చుకుంటాయి. కొన్ని నేర్చుకోవు, రోజూ ఝట్కా తింటూనే ఉంటాయి. అలాంటిదాని మెడ నుంచి కాలర్ తీసేయాలి. అనవసరంగా నొప్పి కలిగించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కిందికి వస్తుంది. ఏది కట్టినా వారానికోసారి మెడ తడిమి చూడండి. కంచె వేసే ముందు మీ మండల పశువైద్యాధికారికి ఒక మాట చెప్పండి, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం నుంచి గడ్డి విత్తనాల గురించి సలహా తీసుకోండి.

పని వరస ఇలా పెట్టుకోండి. పత్తికట్టె పీకిన తర్వాత, గెట్టు బయటపడ్డప్పుడు, పక్కవాళ్లను పిలిచి వాళ్ల ముందే సర్వేయర్‌తో హద్దు వేయించండి. కడీ పాతాక వచ్చే తగాదా పత్తి తగాదా కన్నా పెద్దది. గుంతలు తొలి వాన పడ్డాక తీస్తే మొరం మెత్తగా ఉంటుంది. మిరుగు దాటేలోపు మిషన్ ఆన్ కావాలి. అయితే మందను ఒకేసారి కొత్త కంచె మీదికి వదలొద్దు. దొడ్డి పక్కన గట్టి కంచె ఉన్న చిన్న ఆవరణలో, కంచెకు మీటరు లోపలగా రెండు ఝట్కా తీగలు కట్టి, నాలుగైదు రోజులు అందులో ఉంచండి. పశువు మొదటిసారి తీగను ముక్కుతో తాకాలి. ముక్కుతో తాకితే ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, వీపుతో తాకితే ముందుకు దూకుతుంది, దూకిన మేక ఆ సంగతి మరిచిపోదు. అందుకని తీగకు అక్కడక్కడ అల్యూమినియం రేకు ముక్కలు మడిచి, మిషన్ ఆపి, చిక్కటి బెల్లం పానకం పూసి, మళ్లీ ఆన్ చేసి, మీరు పక్కకు జరగండి.